పత్రంలో విడిచిపెట్టిన మాట

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక.

సోదరులారా! ముందుగా మాకు మేము, ఆపై మీకు చేసే హితవు ఒక్కటే: అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండండి. నోటితో పలికే మాటలోనే కాదు, చేతితో సంతకం చేసే కాగితంలోనూ ఆయనకు భయపడండి.

ఉప్పల్, నాచారం ప్రాంతంలో మేము ఇమామత్ బాధ్యత చేపట్టిన తొలినాళ్ళలో, అసర్ నమాజు తరువాత మా వద్దకు వచ్చేవారు ఎక్కువగా రెండు పనుల మీద వచ్చేవారు. పుట్టిన బిడ్డకు మంచి పేరు చెప్పమని కొందరు, రోగి కోసం దుఆ చేయమని మరికొందరు. ఇప్పుడు ప్లాస్టిక్ ఫైలు చంకన పెట్టుకుని వస్తున్నారు. నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్ళు యంత్రం ముందు నిలబడి పదవీ విరమణ చేసిన తండ్రులు, కుట్టుపని చేసి కొడుకుల ఫీజులు కట్టిన తల్లులు. ఆ కొడుకులు, కూతుళ్ళు నేడు అమెరికాలో ఉన్నారు. అక్కడి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకున్నారు. ఇంటర్వ్యూ దగ్గర పడింది. ఫలానా పత్రం కావాలని రాత్రి పదకొండింటికి ఫోను వస్తుంది. తెల్లవారేసరికి తండ్రి మున్సిపల్ కార్యాలయం వరుసలో ఉంటాడు.

ఈ ఇంటర్వ్యూ ఏమిటో తెలియని పెద్దల కోసం క్లుప్తంగా చెబుతాము. అమెరికాలో శాశ్వత నివాస హోదా పొంది ఐదేళ్ళు గడిచినవారు, అక్కడి పౌరులను వివాహమాడి వారితో కలిసి ఉంటున్నవారైతే మూడేళ్ళకే, ఎన్–400 అనే దరఖాస్తు పెట్టుకుంటారు. ఆపైన ఒక అధికారి ఎదుట కూర్చోవాలి. మన పిల్లలు ఆ దేశపు చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థలపై అడిగే ప్రశ్నలకు రాత్రింబగళ్ళు చదువుతారు. 2025 అక్టోబరు 20 నుండి దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల జాబితా ఉన్నది. అందులోంచి ఇరవై వరకు అడుగుతారు, పన్నెండు చెప్పగలిగితే చాలు. ఇంజనీరింగు చదివిన పిల్లలకు అదొక లెక్క కాదు. అసలు పరీక్ష వేరే ఉన్నది. అధికారి మొట్టమొదట ప్రమాణం చేయిస్తాడు. ఆ తరువాత దరఖాస్తును ముందు పెట్టుకుని, నీవు రాసినది నిజమేనా అని ఒక్కొక్కటిగా అడుగుతాడు. తప్పు ఉంటే అక్కడే దిద్దుతాడు. చివరన ఆ దిద్దుబాట్లన్నీ నావే, ఇదంతా సత్యమే అని దరఖాస్తుదారు సంతకం చేయాలి. నూట ఇరవై ఎనిమిది ప్రశ్నలు బట్టీ పట్టిన యువకుడు, తాను సంతకం చేసిన దరఖాస్తును రెండోసారి చదవకుండానే ఆ గదిలోకి వెళ్తున్నాడు.

సోదరులారా! పత్రాలలో కనిపించే తేడాలన్నీ ఒక్క రకానివి కావు. కొన్ని మన తప్పులు కానే కావు, వాటికి భయపడనవసరం లేదు. మన ప్రాంతాన్నే చూడండి. 1978కి ముందు ఇది హైదరాబాదు జిల్లా. తరువాత రంగారెడ్డి జిల్లా అయింది. 2016 అక్టోబరు నుండి మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయింది. 2014 జూన్ 2న రాష్ట్రమే మారింది. ఒక మనిషి అదే ఇంట్లో, అదే వేపచెట్టు కింద ఉన్నా, అతని జనన పత్రం ఆంధ్రప్రదేశ్, రంగారెడ్డి అంటుంది, ఇటీవలి పాస్‌పోర్టు తెలంగాణ అంటుంది. ఈ తేడా చూసి ఒక తల్లి మా వద్ద కన్నీళ్ళు పెట్టుకున్నది. అమ్మా, ఇది తప్పు కాదు, చరిత్ర అని చెప్పి పంపాము. దీన్ని ‘సరిచేస్తాము’ అని డబ్బు అడిగే దళారుల జోలికి పోకండి.

కొన్ని లోపాలు మన ఆచారం వల్ల వచ్చాయి. మన ఇళ్ళలో బిడ్డకు ఏడవ రోజున అఖీఖా చేసి పేరు పెడతాము. ఆస్పత్రివారు అంతకు ముందే జననాన్ని నమోదుకు పంపివేస్తారు. కనుక తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పన్నెండు నెలల లోపు ఏ రుసుమూ లేకుండా ఆ పేరు చేర్పించవచ్చును. ఆలస్య రుసుముతో పదిహేనేళ్ళ వరకు గడువు ఉన్నది. ఏడవ రోజున పొట్టేలు కోసే తండ్రికి ఎనిమిదవ రోజున కార్యాలయానికి వెళ్ళే తీరిక ఉండదు. ఆ తీరిక పాతికేళ్ళ తరువాత, వేయి మైళ్ళ అవతలి నుండి ఫోను వచ్చినప్పుడు దొరుకుతుంది.

పేర్ల సంగతి చెప్పనే అక్కరలేదు. ముహమ్మద్ అనే పవిత్ర నామం పదవ తరగతి మెమోలో రెండక్షరాల పొట్టిపేరు, డిగ్రీలో ఒక వర్ణక్రమం, పాస్‌పోర్టులో మరొకటి. షేక్ అనేది ఒకచోట ఇంటిపేరు, ఇంకొకచోట సొంతపేరు. పాస్‌పోర్టులో సొంతపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాపై ఎఫ్.ఎన్.యు. అని ముద్రిస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. తల్లిదండ్రులు అంత ప్రేమతో పెట్టిన పేరును వదిలి, ‘తెలియదు’ అన్న మాటనే పేరుగా మోస్తూ ఏళ్ళకేళ్ళు తిరిగే పిల్లలు మనలో ఉన్నారు. పౌరసత్వ దరఖాస్తులోనే పేరు మార్పును కోరే వీలున్నది. వాడిన పేర్లన్నీ, వర్ణక్రమాలన్నీ అందులో రాయాలి. ఒకటి రాసి రెండు దాచకూడదు.

పుట్టిన తేదీల మాట కూడా చెప్పుకోవాలి. మమ్మల్ని మదర్సాలో చేర్చిన నాడు తేదీ ఎవరికీ తెలియక గుమాస్తా జూలై 1 అని రాసుకున్నారు. వానలు ఆలస్యమైన ఏడాది అని మాత్రమే మా అమ్మగారికి జ్ఞాపకం. ఈ వరుసలలో జూలై 1న పుట్టినవారెందరో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. ఖుత్బా వేళ చేతులెత్తకూడదు గనుక అడగము. తెలియనితనంతో రాయించిన తేదీ వేరు, తెలిసి మార్చిన తేదీ వేరు. జనన నమోదే లేనివారికి, ‘రికార్డు లభ్యం కాలేదు’ అని ప్రభుత్వమే ధ్రువపత్రం ఇస్తుంది. దానికి తోడు పాఠశాల రికార్డును, ఆ జననం గురించి స్వయంగా తెలిసిన ఇద్దరి ప్రమాణ పత్రాలను అమెరికా అధికారులు పరిశీలనకు తీసుకుంటారు. స్వయంగా తెలిసినవారు అన్న మాట గుర్తుంచుకోండి. ముప్పై ఏళ్ళవాడు నలభై ఏళ్ళవాని పుట్టుకకు సాక్షిగా సంతకం చేసిన పత్రాన్ని మేము మా కళ్ళతో చూశాము.

దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు ఏ విషయంపై అవతరించిందో మీకు తెలుసు. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు రాతకోతల గురించినది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, విషయం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందరాదని, పిలిచినప్పుడు సాక్షులు వెనుదీయరాదని అందులో అల్లాహ్ ఆదేశించాడు. కాగితాల పని దునియా పని, మస్జిద్‌లో దాని ముచ్చట ఎందుకని పెదవి విరిచేవారు ఆ ఆయతును మరొకసారి చదువుకోవాలి.

ఇక మేము అసలు చెప్పదలచిన సంగతికి వస్తాము. ఇది ఒక కుటుంబపు విషయం. వారి అనుమతితోనే చెబుతున్నాము. గుర్తుపట్టే వివరాలు మార్చాము. ఎవరై ఉంటారా అని ఎవరూ ఆరా తీయకండి, అది గీబత్‌కు దారి.

ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. కుమారుని ఇంటర్వ్యూ అయిదు వారాలలో ఉన్నది. ఫైలులో అన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా లేవకుండా కూర్చున్నారు. అందరూ వెళ్ళిన తరువాత చెప్పారు. ఆ కుమారునికి చాలా ఏళ్ళ క్రితం, అమెరికా వెళ్ళకముందు, ఇక్కడే ఒక నికాహ్ అయింది. ఎనిమిది నెలలకే ఖులాతో విడిపోయారు. తరువాత ఇప్పటి భార్యతో నికాహ్ అయింది. ఎన్ని పెళ్ళిళ్ళు అయ్యాయి అని దరఖాస్తులో అడిగారు. ఫారం నింపిపెట్టిన వ్యక్తి ‘భార్య ఒక్కరే కదా’ అన్నాడట. ఇతను ‘ఒక్కరే’ అన్నాడట. ఒకటి అని రాసేశారు. అంతకు ముందు శాశ్వత నివాసానికి పెట్టిన దరఖాస్తులో కూడా అలాగే ఉన్నది.

“మౌలానా సాబ్, ఆ పాత నికాహ్ ఇద్దరు పెద్దల మధ్య మాట మాత్రమే, నికాహ్ కాదు అని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి. పిల్లవాని బతుకు నిలబడుతుంది,” అన్నారు.

మేము ఆ నికాహ్‌కు వెళ్ళాము. బిర్యానీ తిన్నాము. ఖాజీ గారి సియాహలో వధూవరుల సంతకాలు పడటం చూశాము.

అధికారికి ఇందులో ఏమి అభ్యంతరం ఉంటుంది, మొదటి సంబంధం తెగిన తరువాతే కదా రెండవది జరిగింది అని అడిగాము. అప్పుడు అసలు భయం బయటపడింది. భయం అధికారి గురించి కాదు. ఇప్పటి కోడలికి, ఆమె పుట్టింటివారికి మొదటి నికాహ్ సంగతి నేటికీ తెలియదు. సంబంధం కుదిరినప్పుడు ఎవరూ చెప్పలేదు.

సోదరులారా! ఆ రెండవ నికాహ్ ఖుత్బా చదివినది మేమే. వరునికి ఇది మొదటి పెళ్ళి కాదని మాకు తెలుసు. వధువు తండ్రికి ఎవరైనా చెప్పే ఉంటారని అనుకున్నాము. అడగలేదు. ఆ కాగితంలో మాట విడిచిపెట్టినవారిలో మేమూ ఉన్నాము.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి వద్ద ఆగారు. రాశిలోకి చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. అయితే ఆ తడిసిన దానిని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని వారు అడిగారు. ముస్లిం గ్రంథంలో ఉన్న హదీసు ఇది. వాన పడటం ఆ వ్యాపారి తప్పు కాదు. ధాన్యం తడవటమూ తప్పు కాదు. ఖులా కూడా షరీఅత్ అనుమతించిన మార్గమే. తడిని అడుగున పెట్టడం దగ్గరే చిక్కు వచ్చింది.

మరొక సందర్భంలో వారు ఘోర పాపాలను చెబుతూ, షిర్క్‌ను, తల్లిదండ్రుల పట్ల అవిధేయతను పేర్కొన్నారు. అప్పటి వరకు ఆనుకుని ఉన్నవారు లేచి కూర్చుని, అబద్ధపు సాక్ష్యం గురించి హెచ్చరించారు. ఆ మాటను ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ అన్నారంటే, ఇక ఆపితే బాగుండునని సహచరులకు అనిపించింది. మా లెటర్‌హెడ్ మీద ఆ నాలుగు వాక్యాలు రాసి ఉంటే మేము ఏ వరుసలో నిలబడేవారమో ఆలోచించండి. అన్నిసా సూరా 135వ ఆయతు అల్లాహ్ కోసం సాక్షులుగా నిలబడమంటుంది. ఆ సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే.

కొందరు యువకులు ఇంకొక మాట అంటారు: పరాయి దేశపు అధికారి ముందు చేసే ప్రమాణం ఇస్లాంలో ప్రమాణం కాదు కదా? వారికి హజ్రత్ హుజైఫా (రజి) ఉదంతం చెబుతాము. ఆయనను, ఆయన తండ్రిని దారిలో ఖురైషీయులు పట్టుకుని, తమపై యుద్ధం చేయబోమని మాట తీసుకుని వదిలిపెట్టారు. ముందు బద్ర్ యుద్ధం ఉన్నది. ముస్లింలు చూస్తే కొద్దిమంది. అయినా దైవప్రవక్త (స) ఆ మాట నిలబెట్టుకోమని వారిద్దరినీ వెనక్కి పంపారు. మాట ఇచ్చింది యుద్ధానికి వచ్చిన శత్రువుకు. మన పిల్లలు కూర్చునేది తాము స్వయంగా పౌరసత్వం కోరి వెళ్ళిన కార్యాలయంలో.

ఆ దేశపు చట్టం కూడా ఈ విషయంలో గట్టిదే. ఇమిగ్రేషన్ ప్రయోజనం కోసం ప్రమాణపూర్వకంగా అబద్ధం పలికితే, సత్‌ప్రవర్తన లేనివానిగా పరిగణించి పౌరసత్వం నిరాకరిస్తారు. 1988లో కుంగిస్ అనే వ్యక్తి వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు దీనిని విచారించింది. అతను తన పుట్టిన తేదీని, ఊరిని తప్పుగా చెప్పాడు. ఆ నియమం కింద అబద్ధం చిన్నదా పెద్దదా అన్నది చూడనవసరం లేదని, ప్రయోజనం పొందే ఉద్దేశంతో చెప్పాడా లేదా అన్నదే చూడాలని న్యాయస్థానం అన్నది. పొరపాటున, మరపున విడిచిపోయినది దీని కిందికి రాదు. మరొక వెసులుబాటు కూడా ఉన్నది. తప్పు బయటపడక ముందే, పట్టుబడతానన్న బెదురు లేకుండా, తనంతట తాను సకాలంలో సరిదిద్దుకుంటే ఆ దిద్దుబాటును మన్నిస్తారు.

ఈ నియమాన్ని ఒక న్యాయవాది ఫోనులో వివరించగా మాకు అల్ మాయిదా సూరా 34వ ఆయతు స్ఫురించింది. బందిపోట్లకు విధించిన కఠిన శిక్షను చెప్పిన వెంటనే అల్లాహ్, మీ చేతికి చిక్కకముందే పశ్చాత్తాపపడినవారికి మినహాయింపు ఇచ్చాడు. చిక్కిన తరువాత ఎవరైనా పశ్చాత్తాపపడగలరు. నీళ్ళు గొంతు దాకా వచ్చాక ఫిరౌను కూడా విశ్వసించానన్నాడు.

మేము ఆ తండ్రికి లేఖ ఇవ్వలేదు. మూడు పనులు చెప్పాము. మొదటిది, ఈ రాత్రే మీ అబ్బాయి తన భార్యకు స్వయంగా చెప్పాలి, అధికారి గది కన్నా ముందు ఆ గదిలో చెప్పాలి. రెండవది, అక్కడి ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవాలి. పాత దరఖాస్తులో కూడా ఆ మాట లేదు గనుక ఇది ఇమాము తేల్చగల విషయం కాదు, ఫారాలు నింపేవారు తేల్చగలిగేది అసలే కాదు. మూడవది, నికాహ్‌కు, ఖులాకు సంబంధించిన అసలు పత్రాలు తీయాలి. ఖాజీ గారి వద్ద రికార్డు దొరికింది. దాని ఆధారంగా నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు కార్యాలయం నుండి ఆంగ్లంలో ధ్రువపత్రాలకు దరఖాస్తు చేశారు.

మొదటి పని అన్నిటికన్నా కష్టమైనది. ఆ అమ్మాయి మూడు రోజులు భర్తతో మాట్లాడలేదు. నాలుగవ రోజు ఆమె తండ్రి మా మస్జిద్‌కు వచ్చారు. ఇషా అయ్యేదాకా వేచి ఉన్నారు. కేకలు వేయలేదు. ఒక్కటే అడిగారు.

“మౌలానా సాబ్, ఈ సంగతి మీకు ముందే తెలుసా?”

తెలుసునని చెప్పాము. ఆయన చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నారు. “చెప్పి ఉంటే మేము కాదనేవాళ్ళం కాదేమో,” అని లేచారు. ఆ ‘ఏమో’ అన్న మాటకు మా వద్ద నేటికీ జవాబు లేదు. ఆయనను క్షమాపణ అడిగాము. ఆనాటి నుండి, ఇరు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, వరునికి గాని వధువుకు గాని ఇంతకు ముందు నికాహ్ జరిగిందా అని అందరి ముందు అడగనిదే మేము ఖుత్బాకు లేవడం లేదు. మొన్న ఒక పెళ్ళిలో ఇలా అడిగినందుకు పెద్దమనుషులు చిన్నబుచ్చుకున్నారు. చిన్నబుచ్చుకోనివ్వండి.

ఇంకొక మాట. ఈ ఏళ్ళన్నీ అబద్ధంగా మారిపోయిన మనిషి ఒకరున్నారు, ఆ మొదటి అమ్మాయి. ఆమె కూడా ఈ ప్రాంతపు బిడ్డే. మీ కాగితంలో ఆమెను లేనిదానిగా రాస్తే, ఆమె గడిపిన ఎనిమిది నెలలు, తిరిగి ఇచ్చిన మహర్, ఆమె వైపు పడిన నలుగురు సాక్షుల మాట ఏమైపోవాలి? ఆమె రేపు తన కాగితాలలో నిజం రాస్తే ఎవరు అబద్ధికులు అవుతారు?

ఇలాంటి దరఖాస్తు మీ ఇళ్ళలో ఉంటే, పిల్లలను మళ్ళీ ఒకసారి మొదటి నుండి చదవమనండి. గత ఐదేళ్ళలో ఒక రోజుకు మించి దేశం విడిచిన ప్రయాణాలన్నీ వచ్చాయా? నానమ్మ జనాజాకు వచ్చి వెళ్ళిన నాలుగు రోజులు మరచిపోతుంటారు. కొట్టివేసిన పోలీసు కేసు కూడా రాశారా? తమ వద్ద ఉండని సంతానం పేర్లు కూడా ఉన్నాయా? బాబాయి పెంచిన బిడ్డకు బడిలో బాబాయి పేరే తండ్రి పేరుగా పడి ఉంటే, అల్ అహ్‌జాబ్ సూరా 5వ ఆయతు ఆదేశం జ్ఞాపకం చేసుకుని అసలు తండ్రి పేరుతో పత్రం తీయించండి. ప్రమాణ స్వీకారం అయిన క్షణం నుండి భారత పౌరసత్వం ఉండదు, 1955 నాటి మన చట్టంలోని 9వ సెక్షను అలా చెబుతుంది. పాస్‌పోర్టును అప్పగించి ఓ.సి.ఐ. కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి. ఆ కార్డులు మొట్టమొదట 2006 జనవరిలో మన హైదరాబాదులోనే పంచారు. ఆ దరఖాస్తులో కూడా ఇవే పేర్లు అడుగుతారు.

వచ్చే ఆదివారం జుహర్ నుండి అసర్ వరకు మస్జిద్ పక్క గదిలో మేము, మున్సిపల్ పనులు తెలిసిన ఇద్దరు సోదరులు కూర్చుంటాము. అసలు పత్రాలు తెండి, నకళ్ళు మాత్రమే తేవద్దు. రుసుము లేదు. ఉత్తుత్తి సంతకం అడగవద్దు.

ఆ యువకుని ఇంటర్వ్యూ ఇంకా పది రోజులలో ఉన్నది. న్యాయవాది దిద్దుబాటు పత్రాన్ని ముందుగానే పంపించారు. ఫలితం ఏమవుతుందో అల్లాహ్‌కే తెలుసు. భార్య అతనితో కలిసి ఆ కార్యాలయం దాకా వస్తానన్నదట. ఇద్దరి కోసం, ఆ మొదటి అమ్మాయి కోసం కూడా, దుఆ చేయండి. అఖూలు ఖౌలీ హాజా, వ అస్తగ్‌ఫిరుల్లాహ లీ వ లకుమ్.